పెరటి పనసచెట్టుతో యుకలేలే చేయించుకున్నాను: పదకొండు నెలలు వాయించాక రాస్తున్న రివ్యూ

చేతితో చేసిన యుకలేలే (గిటారు లాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది, ఏ చెక్క ఎంచుకోవాలి, దాని మీద మన ముద్ర ఏదైనా వేయించుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఒకేసారి రాసేస్తున్నాను. వాయిద్యం చేతికొచ్చి పదకొండు నెలలైంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూసేసింది. కొన్న వారానికే రాసి ఉంటే అన్నీ పొగడ్తలే ఉండేవి, ఇప్పుడైతే తేడా వచ్చిన చోట్లు కూడా తెలుసు.

చేసినాయన బనశంకరి దాటాక ఒక ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో పని చేస్తారు. ఒక్కరే. బోర్డు లేదు. ఏడాదికి పది, పన్నెండు కంటే ఎక్కువ చేయలేనని, పేరూ నంబరూ ఎక్కడా పెట్టొద్దని నన్ను అడిగారు, ఆ మాట నిలబెట్టుకుంటున్నాను. గిటార్లు రిపేరు చేసే షాపుల్లో విచారిస్తే దారి చెబుతారు, నాకూ అలాగే తెలిసింది. ఆయనది చిక్కబళ్ళాపురం వైపు, ఇంట్లో తెలుగే, కాకపోతే మధ్యలో కన్నడ కలుస్తుంది. నేను సార్ అని పిలిస్తే ఆయన నన్ను అమ్మా అంటారు.

అసలు కథ చెక్కతో మొదలైంది. మాది బొబ్బిలి పక్కన ఒక పల్లె. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా తాతయ్య పెరట్లో పనసచెట్టు వేళ్ళతో సహా పెళ్ళగిలి పడిపోయింది. తాతయ్య దాన్ని పొయ్యిలో పెట్టనివ్వలేదు, కోత మిల్లుకు పంపించి పలకలు కోయించి అటక మీద పేర్పించారు, ఒక్కో పలకకీ మధ్య బద్దలు పెట్టి మరీ. రెండు పలకలు తర్వాత తలుపులకు వాడారు. తాతయ్య పోయాక ఒక పలక అలాగే ఉండిపోయింది. యుకలేలే చేయించుకోవాలనుకున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే. మావయ్యకు ఫోన్ చేస్తే, "ఏటే, ఆ చెక్క పట్టుకుని బెంగళూరు దాకా రైలెక్కుతావా?" అన్నారు. ఎక్కాను. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో సైడ్ లోయర్ బెర్త్ కింద పాత దుప్పటి చుట్టి పెట్టుకుని తీసుకొచ్చాను.

ఆయన పలకను చూసి మొదట ఏమీ మాట్లాడలేదు. తేమ కొలిచే మీటరు రెండు సూదులు గుచ్చారు, 14 శాతం చూపించింది. పదేళ్ళు అటక మీద ఆరిన చెక్కకి అంత తేమ ఎందుకుంటుంది అని అడిగాను. చెక్క ఆరడం అంటే ఒకసారి ఆరిపోయి ఊరుకోవడం కాదట, చుట్టూ ఉన్న గాలి ఎలా ఉంటే అది అలా పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుందట. మా వైపు సముద్రపు గాలి, ఇక్కడ 900 మీటర్ల ఎత్తున పొడి గాలి. వెంటనే కోసి అతికిస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో అది కుంచించుకుని బీటలిస్తుంది. అందుకని పలకను సన్నగా చీల్చి, ఆరు వారాలు షెడ్డులోనే నిలబెట్టారు. 10 శాతానికి దిగాకే పని మొదలుపెట్టారు. ఈ ఒక్క విషయానికే ఆయన మీద నమ్మకం కుదిరింది. ఊరి నుంచి చెక్క తెచ్చుకునేవాళ్ళు ఈ ఆరు వారాలను ముందే లెక్కలో వేసుకోండి.

పలకలో ఒక చివర పురుగు తొలిచిన బొక్కలున్నాయి, లోపల నాకు కనిపించని సన్నని బీట కూడా ఒకటుంది. ఆయన గోటితో దాని వెంట గీసి చూపించారు. అంతవరకు కోసి పక్కన పెట్టేశాక సాప్రానోకి, కన్సర్ట్‌కి సరిపోయేంత మిగిలింది. సాప్రానో అంటే మామూలు సైజుల్లో అన్నిటికంటే చిన్నది, కన్సర్ట్ దానికంటే ఒక సైజు పెద్దది, తీగ పొడవు దాదాపు 15 అంగుళాలు. నా వేళ్ళకి కన్సర్టే బాగుందనిపించింది.

ఇప్పుడు చెక్కల సంగతి. యుకలేలే అనగానే అందరూ కోవా అంటారు. అది హవాయి దీవుల్లో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు, అకేసియా జాతి, అంటే మన తుమ్మకు దూరపు చుట్టం. బంగారు గోధుమ రంగులో చారలు తిరిగి చూడటానికి కళ్ళు చెదిరిపోతాయి, ధర కూడా అలాగే ఉంటుంది. నేనూ మొదట కోవా తెప్పించగలరా అనే అడిగాను. తెప్పించవచ్చు, చెక్కకే నీ బడ్జెట్‌లో సగం పోతుంది అన్నారు. తర్వాత నేను కాస్త చదువుకుంటే తెలిసింది, యుకలేలే హవాయిలో పుట్టిందే గానీ దాని అమ్మానాన్నలు వేరే ఊరివాళ్ళు. 1879 ఆగస్టులో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికి వలస వచ్చినవాళ్ళు రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హొనొలులులో దిగారు. వాళ్ళతో మషెటె అనే చిన్న నాలుగు తీగల వాయిద్యం ఉంది. ఆ ఓడలోనే మాన్యుయెల్ నూనెస్, అగుస్టో డయాస్, జోసె దో ఎస్పిరితు శాంతు అనే ముగ్గురు వడ్రంగులున్నారు. వాళ్ళు అక్కడ స్థిరపడ్డాక తమ వాయిద్యాన్ని అక్కడి చెక్కతో, కోవాతో చేయడం మొదలుపెట్టారు. కలాకవా రాజు దాన్ని ఇష్టపడి ఆస్థానంలో వాయింపించడంతో అది హవాయి వాళ్ళదైపోయింది. అంటే కోవా వాడింది అది ఖరీదైందనో, గొప్పదనో కాదు, ఊళ్ళో దొరికింది కాబట్టి. ఆ లెక్కన బొబ్బిలి పిల్లకి పనస కంటే సరైన చెక్క ఇంకేముంటుంది?

పనస గురించి నేను సెంటిమెంటుతో మాత్రమే చెప్పడం లేదు. మా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు తరతరాలుగా పనసే వాడుతున్నాయి, కుండ నుంచి దండి దాకా ఒకే దుంగలో తొలిచే ఏకాండి వీణలు అక్కడివే. మృదంగం కట్టె, కంజీర చట్రం కూడా పనసవే ఎక్కువ. మరీ బరువుండదు, చెదలు తొందరగా పట్టదు, సరిగ్గా ఆరితే వంకర్లు తిరగదు, తడితే మోగుతుంది. మాస్టారు (వెనకాల ఆయన్ని అలాగే అంటాను) సన్నగా చిత్రిక పట్టిన పలకను ఒక మూలకి దగ్గరగా రెండు వేళ్ళతో వేలాడదీసి మధ్యలో కణుపుతో కొట్టి వినిపించారు. టక్ మని ఆగిపోకుండా డుంమ్ మని కాసేపు నిలిచింది. పక్కనే టేకు ముక్కని కొట్టి చూపించారు, అదీ మోగింది గానీ గొంతు నొక్కినట్టుంది. టేకులో నూనె ఉంటుంది, జిగురు అంత తేలికగా పట్టదు, అతికించే ముందు ప్రతిసారీ స్పిరిట్‌తో తుడుచుకోవాలి. చేయమంటే చేస్తాను గానీ నాకు ఇష్టం లేదు అని నిర్మొహమాటంగా చెప్పేశారు.

ఎర్రచందనం కూడా అడిగాను. జపాన్‌లో షమిసెన్ అనే వాయిద్యం మెడకు మన శేషాచలం ఎర్రచందనమే శ్రేష్ఠమని చదివి ఉన్నాను మరి. ఆయన తల అడ్డంగా ఊపారు. అది నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువు, యుకలేలేకి అంత బరువు పనికిరాదు, పైగా ప్రభుత్వ వేలంలో కొన్నట్టు కాగితాలు లేకుండా ఎవరైనా ముక్క ఇస్తామంటే ముట్టుకోకూడదు. సరే అని వదిలేశాను. మెట్ల పలకకి, తీగలు ఆనే గుర్రానికి (బ్రిడ్జి) మాత్రం ఆయన దగ్గర పాత ఫర్నిచర్‌లోంచి తీసిన ఇరుగుడు ఉంది, అంటే రోజ్‌వుడ్. వేళ్ళు నిత్యం రాసుకునే చోట గట్టి చెక్క ఉండాలి, పనస అక్కడ అరిగిపోతుంది. విదేశాలకు తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మాట: 2017లో ఇరుగుడు జాతి మొత్తాన్నీ సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) కిందకు తెచ్చినప్పుడు వాయిద్యాలకు పెద్ద చిక్కయ్యింది, 2019లో తయారైన వాయిద్యాలకు మినహాయింపు ఇచ్చారు. విడి చెక్క పలకలకు ఆ మినహాయింపు లేదు. మెడ మహాగని, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, తేలిక, నిటారుగా ఉంటుంది, అంతే.

పై పలక దగ్గర మాత్రం మా ఇద్దరికీ కాస్త వాదన జరిగింది. పక్కలు, వెనక పనస పెట్టి పై పలక స్ప్రూస్ (చలి దేశాల్లో పెరిగే, పైన్‌కు చుట్టమైన చెట్టు) పెడితే సౌండ్ ఎక్కువొస్తుంది అని ఆయన సలహా. నిజమే, స్ప్రూస్ తేలిక, అయినా బిగువుగా ఉంటుంది, అందుకే గిటార్లకు అదే. నేను మొత్తం పనసే కావాలని పట్టుబట్టాను. "సరేమ్మా, నీ చెట్టు, నీ ఇష్టం. గట్టిగా మోగలేదని మళ్ళీ నన్ను అడగద్దు" అన్నారు. పై పలక 2.1 మిల్లీమీటర్లు, పక్కలు 1.7. పై పలకను మరీ పలచగా తీయలేదు, పనస స్ప్రూస్ అంత బిగువు కాదు కాబట్టి.

పక్కలు వంచే రోజు నన్ను రమ్మన్నారు. అది చూడటానికైనా ఒకసారి వెళ్ళాలి. ఒక ఇనప గొట్టం, లోపల హీటరు. నీటి చుక్క వేస్తే గొట్టం మీద గెంతి ఆవిరైపోతోంది. తడిపిన పలకను దాని మీద ఆన్చి రెండు చేతులతో మెల్లగా అదుముతూ ముందుకీ వెనక్కీ ఆడిస్తున్నారు. కాసేపు ఏమీ జరగదు, ఉన్నట్టుండి పలక వెన్నలా లొంగుతుంది. ఆ క్షణం చేతికి తెలుస్తుందట, కంటికి తెలియదు. నాకు తెలిసింది వాసన. షెడ్డంతా తియ్యగా, పనసతొనలు కాదు గానీ దాని చుట్టం లాంటి వాసన, మా అటక వాసన. చిత్రిక పట్టగానే లోపలి రంగు చూసి కూడా ఆశ్చర్యపోయాను, అటక మీద బూడిద రంగులో ఉన్న పలక లోపల పచ్చటి పసుపు!

ఇక డిజైన్. నేను ఫోన్‌లో పాతిక ఫొటోలతో వెళ్ళాను. వీణకుండే యాళి (సింహం లాంటి కల్పిత జంతువు) తల, కలంకారీ నెమలి, లేపాక్షి స్తంభాల మీద లతలు, కొండపల్లి బొమ్మల రంగులు, అన్నీ కావాలి నాకు. ఆయన ఓపిగ్గా అన్నీ చూశారు. యాళి తల పెడితే తల బరువుకి మెడ కిందకు వాలుతుంది, ఎడమ చేయి వాయించాలా, మోయాలా? పై పలక మీద చెక్కడం అంటే మోగే చోట మోగనివ్వకుండా చేయడం. ఏదైనా ఒక్కటి ఎంచుకో, అది పనికొచ్చే చోట పెడదాం అన్నారు. అప్పుడు నాకు కోపం వచ్చింది, డబ్బులు నావి కదా అనిపించింది. ఇంటికెళ్ళి రెండు రోజులు ఆలోచించాక ఆయన చెప్పిందే సరైనదని ఒప్పుకున్నాను. చేతిపని వస్తువు మీద మన సంస్కృతి కనపడాలంటే బొమ్మలన్నీ అతికించక్కర్లేదు, చెక్క ఇప్పటికే సగం చెప్పేస్తోంది.

నేను ఎంచుకున్నది ఏటికొప్పాక లక్క. శ్రుతి చేసే మరలకు మామూలుగా ప్లాస్టిక్ గుబ్బలుంటాయి కదా, వాటి బదులు నాలుగు చెక్క గుబ్బలు ఏటికొప్పాకలో తిప్పించాను. అంకుడు కర్ర, దాని మీద లక్క రంగు. తిరుగుతున్న కర్రకు లక్క పుల్లను ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టేస్తుంది, ఆ తర్వాత మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుపు వస్తుంది, బ్రష్షుతో పనే లేదు. చెట్ల గింజలు, ఆకుల రంగులతో ఆ కళను మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బెంగళూరులో ఉండేవాళ్ళకు అంత దూరం కుదరకపోతే అరవై కిలోమీటర్లలో చన్నపట్నం ఉంది, అక్కడా అదే పద్ధతి, దాదాపు అదే కర్ర. గుబ్బలు నాలుగూ కలిపి నాకు 600 అయ్యాయి. అన్నిటికంటే తక్కువ ఖర్చు పెట్టింది వాటి మీదే, చూసినవాళ్ళు మొదట అడిగేది కూడా వాటి గురించే. శబ్ద రంధ్రం చుట్టూ మాత్రం వీణ పలక మీద ఉండే చిన్న చిన్న చుక్కల వలయం లాంటిది ఇరుగుడు ముక్కలతో పొదిగారు. అది ఆయన ఆలోచనే, నేను అడగలేదు.

వాయిద్యం ఒంటికి కూడా లక్కే. షెల్లాక్‌ను స్పిరిట్‌లో కరిగించి గుడ్డ ఉండతో పూత మీద పూత రుద్దుతారు. పలచగా ఉంటుంది కాబట్టి చెక్క మోగడానికి అడ్డు రాదు. కానీ జాగ్రత్త కావాలి. ఒక ఫ్రెండ్ చేతులకు శానిటైజర్ రాసుకుని అది ఆరకముందే తీసుకుంది, పై అంచున బొటనవేలంత తెల్ల మచ్చ పడింది. స్పిరిట్ కదా, లక్కను కరిగించేసింది. ఆయన పావుగంటలో మళ్ళీ రుద్ది సరిచేశారు, డబ్బులు తీసుకోలేదు. ఎండలో కారులో వదిలేయడం కూడా వద్దు, గుబ్బల మీద లక్క మెత్తబడుతుంది.

సౌండ్ గురించి. ఆయన చెప్పిందే నిజం, గట్టిగా మోగదు. స్ప్రూస్ పై పలక ఉన్న ఫ్రెండ్ యుకలేలేతో కలిసి వాయిస్తే నాది వెనకపడుతుంది. పది మంది కూర్చున్న గదికి చాలు, మేడ మీద పార్టీకి చాలదు. పన్నెండో మెట్టు దాటాక స్వరం తొందరగా ఆరిపోతుంది. కానీ కింది మెట్లలో ఉన్న గుండ్రటి నిండుదనం నేను వేరే యుకలేలేలో వినలేదు. ఇంతకు ముందు ఆన్‌లైన్‌లో కొన్న ప్లైవుడ్ దానిలో ఏ స్వరమైనా గిన్నె మీద గరిటెతో కొట్టినట్టుండేది, పై మెట్లలో శ్రుతి కూడా కలిసేది కాదు. ఇందులో ప్రతి మెట్టూ ట్యూనర్‌తో చూశాను, శ్రుతిలో ఉంది.

సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఇది చేసి చూడండి. సి తీగను (పై నుంచి రెండోది) ఒకటో శ్రుతి షడ్జమం అనుకుంటే మాయామాళవగౌళ సరళీ స్వరాలు మొదటి నాలుగు మెట్లలోనే వచ్చేస్తాయి. స ఖాళీ తీగ, రి దాని మీద ఒకటో మెట్టు, గ పక్క తీగ ఖాళీ, మ ఒకటి, ప మూడు, ద నాలుగు, చివరి తీగ మీద ని రెండు, పై స మూడు. యుకలేలేలో అన్నిటికంటే పైనున్న జి తీగ మంద్రంలో కాదు, మధ్య స్థాయిలోనే ఉంటుంది, అదే పంచమం. బొటనవేలితో దాన్ని అప్పుడప్పుడు మీటుతుంటే వీణకు పక్కన ఉండే తాళ తీగల్లా పలుకుతూ ఉంటుంది. గమకాలు నైలాన్ తీగ మీద అంతంత మాత్రమే, లాగితే కొంచెమే కదులుతుంది. మా చిన్నప్పటి వీణ టీచరు గారికి ఫోన్‌లో వినిపిస్తే, "చెక్క ఏమిటమ్మా?" అని అడిగారు, వాయించిన రాగం గురించి అడగలేదు. పనస అని చెబితే, "అదీ సంగతి" అన్నారు.

ఫిర్యాదులు కూడా చెప్పాలి. డిసెంబరులో ఇస్తానని ఫిబ్రవరిలో ఇచ్చారు, ఏడు వారాలు ఆలస్యం. ఆలస్యమైనందుకు నాకు బాధ లేదు, చెప్పకపోవడం బాధ. ప్రతిసారీ నేనే ఫోన్ చేశాను, రెండుసార్లు ఎత్తలేదు. అడ్వాన్సు సగం కట్టి కూర్చున్నవాళ్ళకి ఆ టెన్షన్ అనవసరం, ఒక మెసేజ్ పెడితే సరిపోయేది. ఈ మాట ఆయనతో కూడా చెప్పాను. రెండోది, ఏప్రిల్‌లో ఒకటి, రెండు మెట్ల దగ్గర తీగ బర్ మనడం మొదలైంది. పొడి గాలికి పై పలక కాస్త లోపలికి దిగితే గుర్రం కూడా దిగుతుంది, తీగలు మెట్లకు తగులుతాయి. గుర్రం మీదుండే ఎముక పట్టీ కొంచెం ఎత్తుది మార్చి ఇచ్చారు, పాతది వానాకాలానికి దాచుకోమన్నారు. ఇప్పుడు పెట్టెలో తేమనిచ్చే పొట్లం ఒకటి వేసి ఉంచుతున్నాను, మళ్ళీ ఆ సమస్య రాలేదు.

మొత్తం 42,000 అయింది. చెక్క ఆయనే పెడితే ఇంకో ఐదారు వేలు పెరుగుతుంది. ఇది తక్కువ డబ్బు కాదు. యుకలేలే ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్ళు ముందు షాపులో దొరికే మంచి దానితో ఏడాది నేర్చుకోండి, చేతికి ఏ సైజు కుదురుతుందో, ఏ గొంతు ఇష్టమో తెలిశాక వెళ్ళండి. పార్టీల్లో, స్టేజీ మీద గట్టిగా వాయించాలనుకునేవాళ్ళు ఆయన మాట విని స్ప్రూస్ పెట్టించుకోండి. ఇంట్లో పాత తలుపో, మంచమో, అటక మీద పలకో ఉన్నవాళ్ళు మాత్రం అది పారేయకముందు ఒకసారి ఆయనకు చూపించండి. పనికిరాకపోతే రాదని మొహం మీదే చెబుతారు.

సంక్రాంతికి ఊరు తీసుకెళ్ళాను. అప్పటికి లేత పసుపు పోయి తేనె రంగుకు వచ్చేసింది, వెనక నేను అతికించిన స్టిక్కరు పీకితే దాని కింద మాత్రం కోసిన రోజు రంగే ఉంది. మావయ్య వాయించమని అడగలేదు. రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు, వేళ్ళతో వెనక పలక మీద రెండుసార్లు తట్టారు, తర్వాత లోపలికెళ్ళి అత్తయ్యను పిలుచుకొచ్చి ఆమెకూ ఇచ్చారు. పలకలో సాప్రానోకి సరిపడా ముక్క ఇంకా షెడ్డులోనే ఉంది. అది మనవరాలికి చేయించమని ఆ రాత్రే డబ్బులు నా చేతిలో పెట్టారు. క్యూలో మా నంబరు తొమ్మిది.